పొగలేని కుంపటి

గోదావరిఖని
24 డిసెంబరు 1970

మా అన్న కొమురెల్లికి,

ఎవరితోనో రాయించిందనుకోకు, నేనే రాస్తున్న. పడుకోనే రాస్తున్న గనుక గీతలు కిందికి మీదికి పోతున్నయి. మీ బావ కార్డు రాసిండట గదా, "ఆడపిల్ల, ఇద్దరు క్షేమం" అని. అంతే రాసిండట! గా మనిషికి బొగ్గు టబ్బు నూకుడు అలక గని, నాలుగు మాటలు రాసుడు బరువు.

నేను బతికిన అన్నా. నిజం చెప్తున్న, నొప్పులు మొదలైనకాంచి నాకు గదే భయం. నన్ను కన్న మూడో దినమే గదా అవ్వ పోయింది. నాకు గూడ గట్లనే రాసిపెట్టి ఉన్నదేమో అని లోపల్లోపల అనుకుంటనే ఉన్న, ఎవరికీ చెప్పలె. మూడో దినం పోయింది, నాలుగో దినం పోయింది. ఐదో దినం పొద్దుగాల లేసి గంజి తాగినంక ఒక్కసారే ఏడుపొచ్చింది. మా అత్త "బాలింత ఏడిస్తె కండ్లు పోతయే పిల్లా" అని కసిరింది. గా కసురుడుకు నవ్వొచ్చింది. నవ్వుకుంట ఏడ్చిన.

మా పోశవ్వ అత్త పెద్దపల్లి దిక్కు నుంచి కాన్పుకు ముందే వచ్చింది. వాము, బెల్లం, నువ్వులు, ఆఖరికి పాత బొంతలు గూడ మూటగట్టుకొని రైలు దిగింది. మేముండే కిరాయి అర్ర సూసి "ఇది ఇల్లా, పెట్టెనా" అన్నది. పెట్టెనే గని మీద సిమెంటు స్లాబు ఉన్నది, వాన చుక్క దిగది. ఇంటామె సుగ్రా బీ పక్క అర్రల ఉంటది. ఒంటి మనిషి, నోరు జెర గట్టిది. మొన్ననే గోడలకు సున్నం ఏయించింది, మొల కొట్టాలన్నా ఆమెను అడగాలె.

బిడ్డ ముక్కు నీదే. పాపం పోరి.

నీ చెల్లె,
సారక్క


కొత్తగూడెం
29 డిసెంబరు 1970

చెల్లె సారక్కకు, అన్న దీవెనలు.

నా ముక్కు వస్తె ఏమాయెనే? గా ముక్కు తోనే సర్దారును అయిన. బొగ్గు బాయిల చెడుగాలి ఉన్నదా లేదా సూసి, "పోవచ్చు" అని నేనంటెనే కదా మంది లోపలికి పోయేది. నీ బిడ్డ గూడ పెద్ద హోదాకు వస్తది సూడు.

నీ జాబు సదివినంక షిఫ్టుల అందరికి పుట్నాలు బెల్లం పంచిన. "ఏం సర్దారూ, ఇయ్యాల పండ్లు కనవడుతున్నయ్" అని ఒక్కటే పరాచికాలు. అననీ. నువ్వు మూడో దినం దాటినవని తెలిసినకాంచి నేను గూడ మంచిగ నిద్రపోతున్న. మీ వదినెకు గూడ చెప్పలె గని, నీకున్న భయమే నాకు ఉండె.

చలి ఎట్లున్నది? గోదావరి ఒడ్డు గాలి ఎముకలు కొరుకుతదంటరు. నిప్పు ఎక్కడ పెడుతున్నరు? పండుకునే అర్రలనా, బయటనా? రాత్రంత ఉంచుతున్నరా? ఊరికెనే అడుగుతున్న. మర్చిపోకుండ రాయి.

రాయమల్లు బావకు, పోశవ్వ అత్తకు దండాలు.

అన్న,
కొమురెల్లి


గోదావరిఖని
3 జనవరి 1971

అన్నకు,

నిప్పు సంగతి అడిగినవ్ గదా, విను. విని నీ చెల్లె తెలివికి మెచ్చుకుంటవ్.

మా అత్త పిడకలు పెడుదామన్నది. పిడకల పొగకు గోడలు నల్లవడితె సుగ్రా బీ మమ్మల్ని అర్రల ఉండనిస్తదా? నేను ఉపాయం చెప్పిన. కంపెనీ బొగ్గు ఉండనే ఉన్నది. దాన్ని వాకిట్ల కుంపట్ల రాజవెట్టి, పచ్చపొగ అంత పోయి ఎర్రగ కణకణ మండేదాక ఆగుతం. పొగ ఒక్క పోగు లేదనుకున్నంకనే లోపలికి తెచ్చి మంచం కింద పెడుతం. మీద బూడిది కప్పితె మెల్లగ, మీ బావ రాత్రి డ్యూటీ దిగి వచ్చేదాక ఉంటది. తలుపు సందుల బొంత కుక్కుతం. మీద గోడకు గాలి వచ్చే చిన్న రోషందాన్ ఉండె గని, పావురాలు వస్తున్నయని సుగ్రా బీ ఎప్పుడో ఇటుకలు పెట్టి మూయించింది. మాకు గదే మేలైంది. గాలి ఈసమంత రాదు. అర్ర పొయ్యి కాడ కూసున్నంత ఎచ్చగ ఉంటది. గోడలు తెల్లగ అట్లనే ఉన్నయి. ఇంటామె ఖుష్, అత్త ఖుష్.

పొద్దుగాల లేసేసరికి నాకు తల జెర బరువుంటంది. అత్తకు గూడ. మంచు తలకెక్కిందని అత్త అంటంది. అందుకె ఇయ్యాల్టి సంది తలుపు కింద ఇంకో బొంత కుక్కి, బొగ్గులు ఇంకో నాలుగు ఎక్కువ ఏద్దామనుకుంటున్నం.

బిడ్డ మాత్రం బంగారం అన్నా! మొన్నటిదాక రాత్రంత వాడ లేపేది. ఇప్పుడు కిక్కురుమంటలేదు. పాలకు గూడ నేనే లేపాలె. "ఇంట్ల పిల్ల ఉన్నదా లేదా బేటీ" అని సుగ్రా బీ అడుగుతంది.

నీ చెల్లె,
సారక్క


కొత్తగూడెం
7 జనవరి 1971

సారక్కా,

పోస్టాఫీసుల నిలవడి రాస్తున్న. ఇప్పుడే తారు, అదే టెలిగ్రాం, కొట్టిన. ఈ జాబు కన్న ముందు అది ముట్టాలె, ముట్టితీరాలె. ఇది సదివేసరికి మీ అర్రల నిప్పు ఉంటె, జాబు కింద పడేసి ముందు దాన్ని బయట పెట్టి రా. తర్వాత సదువు.

పొగ పోయింది గదా అని మోసపోయిన్రు. పొగ కండ్లకు కనవడుతది, దగ్గొస్తది, మనిషి లేసి బయటికి ఉరుకుతడు. అది మంచిది. పొగ పోయినంక మిగిలేది ఉంటది సూడు, దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గుకు గాలి సాలకపోతె పుడుతది. నువ్వు మీద బూడిది కప్పినవ్, అంటె ఇంకింత ఎక్కువ పుట్టిస్తున్నవ్. తలుపు మూసినవ్, రోషందాన్ లేదు. ఇగ అది ఎటు పోతది? మీరు పీల్చుకుంటున్నరు. ముందు తలనొప్పి, తర్వాత కక్కుడు, కాళ్లు గుంజుడు, ఆ తర్వాత నిద్ర. గా నిద్రల మనిషి మళ్ల లేవడు.

బాయిల చెడుగాలిని మంట సూసి పట్టే మా దీపానికి గూడ ఆ గాలి దొరకది. అందుకె ఏదన్న అగ్గి అంటుకున్న కాడికి పోయేటప్పుడు చిన్న పిట్టను పంజరంల పట్టుకపోతరు. చిన్న పానం గనుక మనిషి కన్న ముందు పిట్ట తల వాలుస్తది. మీ అర్రల అందరికన్న చిన్న పానం ఎవరిది? "బిడ్డ కిక్కురుమంటలేదు" అని నువ్వు సంబురంగ రాసినవ్. గా మాట సదివే పోస్టాఫీసుకు ఉరికిన.

బిడ్డను వెంటనే దవాఖానకు తీస్కపోండ్రి. ఇగ నుంచి నిప్పు బయట, వేడి లోపల. ఇటుకలు బయట పొయ్యి మీద కాల్చి, బొంతల మందంగ సుట్టి కాళ్ల దిక్కు పెట్టుకో, ఒంటికి తగలనియ్యకు. అర్ర కాగాలంటె తలుపు తీసిపెట్టి మీరు మేల్కొని ఉన్నంతసేపే కుంపటి, పండుకునేటప్పుడు ముట్టొద్దు. రోషందాన్ తెరిపియ్యాలె. కిరాయికుండేటోళ్లం, గోడ ముట్టొద్దని బావ నోరు మూసుకుంటడు, నాకు ఎరికె. సుగ్రా బీకి నా సలాం చెప్పి అడుగుమను. సున్నం మళ్ల ఏసుకోవచ్చు.

ఇదంత సర్దారు పరీక్షకు సదివేటప్పుడు మాకు చెప్పిన్రు. జల్ది జవాబు రాయి. ఒక్క ముక్క రాసినా సాలు.

కొమురెల్లి


గోదావరిఖని
12 జనవరి 1971

అన్నా,

మేం ముగ్గురం బతికే ఉన్నం. ముందు గది సదువుకొని ఇన్ని నీళ్లు తాగు.

ఏడో తారీకు నాడు పొద్దంత ముసురు. అందుకని పగటి సందే కుంపటి లోపల పెట్టి తలుపు మూసుకున్నం. నా తల పగులుతంది, అత్త రెండుసార్లు కక్కింది. "గాలి సోకిందే" అని అత్త ఇంకో చాటెడు బొగ్గులు తెచ్చి పోసింది. దీపాలు పెట్టే యాళ్లకు వాకిట్ల "తారు! తారు!" అని కేక. తారు అంటె సావు కబురే గదా! అత్త లేసి తలుపు తీసింది గని గడప దాటలేక అక్కడనే కూలవడి "ఓ కొమురెల్లీ, పోతివా బిడ్డా, నీ చెల్లెకు దిక్కెవరురా" అని లబలబ మొత్తుకున్నది. నిన్ను మేం ఒకసారి సంపినం అన్నా, మాఫ్ చెయ్యి. వాడంత జమైన్రు. ఇంగ్లీషు ఎవరికొస్తది? తెచ్చినాయననే సదివి చెప్పిండు: "అర్రల నిప్పు తీసెయ్, తలుపు తెరువ్, జాబు వస్తంది."

మా అత్తకు ఏడుపు పోయి కోపమొచ్చింది. "బాలింత అర్రల నిప్పు తియ్యమనేటోడు అన్ననా, పగోడా!" ఆ వారం పగటి డ్యూటీ, అప్పుడే దిగి వాకిట్లకు వచ్చిన మీ బావ మాత్రం తారు ఇంకోసారి సదివించుకున్నడు. తర్వాత "అమ్మో" అని లోపలికి ఉరికిండు. బాయి మనిషి గదా, తెలిసొచ్చింది. బిడ్డను ఎత్తితె మెడ వాలేసింది అన్నా. నేను లేద్దామంటె కాళ్లు నావి కావు. ఆయన బిడ్డను వాకిట్లకు తీస్కపోయిండు, సుగ్రా బీ నన్ను చంకల చేతులేసి బయటికి గుంజింది. సన్న వాన పడుతంది. బిడ్డ అరికాళ్లు రుద్దుతున్నరు, ముఖం మీద ఊదుతున్నరు, సప్పుడు లేదు. సుగ్రా బీ "యా అల్లా, యా అల్లా" అంటంది. నేను ఏమంటున్ననో నాకే సోయి లేదు.

అప్పుడు ఏడ్చింది. మొదలు పిల్లి కూనంత, తర్వాత వాడ వాడంత ఇనేటట్టు. మీ బావ వాన బురదల కూసొని బిడ్డతోని సమానంగ ఏడ్చిండు. గా మనిషి ఏడ్వంగ నేనెప్పుడు సూడలె.

దవాఖానల రెండు దినాలు పెట్టుకున్నరు. ఇప్పుడు మంచిగనే ఉన్నది, పాలు తాగుతంది. ఇంకో గంట ఆలిశమైతె మా చేతులల్ల ఏం లేకపోతుండె అన్నడు డాక్టరు.

మేం ఇంటికొచ్చేసరికి సుగ్రా బీ స్టూలెక్కి గడ్డపారతోని రోషందాన్ ఇటుకలు పొడుస్తంది. సున్నం గోడంత పెళ్లలూడింది. మీ బావ "మేం అడుగుదామనుకున్నం బీబీ" అన్నడు. "అడుగుడేంది రాయమల్లూ, దివార్ మళ్ల కట్టుకుంటం, బచ్చీని ఎక్కడ కొనుక్కస్తం" అని ఆమె ఇటుక కింద ఏసింది. జెరుంటె ఆయన నెత్తి మీద పడుతుండె.

అత్త ఒక్కతే ఒప్పుకోలె. "నలుగురిని కన్న, నలుగురికీ మంచం కింద కుంపటే ఉండె, ఎవలు సచ్చిన్రు?" అంటది. "నీది పెంకుటిల్లు అవ్వా, పెంకుల సందులకెళ్లి అంత బయటికి పోతుండె, ఇది స్లాబు" అని మీ బావ చెప్పి చెప్పి యాష్టవడ్డడు. ఆఖరికి ఆమె అటు తిరిగి అన్నది: "నిప్పు తప్పు కాదు. తల్లిని మింగి పుట్టింది గదా, ఇప్పుడు బిడ్డ మీదికొచ్చింది." నేను ఇననట్టే ఉన్న. గా మాట నాకు కొత్తనా?

ఒక్కటి చెప్పు అన్నా. తలనొప్పి అని నేను రాసింది ఒక్క గీత. అంత దూరం నుంచి నీకెట్ల ఎరికైంది? బాయిల నేర్పిన్రు అన్నవ్. అది మీ బావకు గూడ చెప్పే ఉంటరు గదా, ఆయనకు తోచలె. నా కాన్పు కాంగనే నిప్పు సంగతి ఎందుకు అడిగినవ్?

సారక్క


గోదావరిఖని
1 ఫిబ్రవరి 1971

అన్నకు,

పన్నెండో తారీకు జాబు ముట్టిందా? ఇరవై దినాలాయె. పానం మంచిగున్నదా? నేనేమన్న తప్పు రాసిన్నా? ఈ కార్డుకన్న జవాబియ్యి, ఫికరైతంది.

సారక్క


కొత్తగూడెం
8 ఫిబ్రవరి 1971

చెల్లె సారక్కకు,

నీ జాబు ముట్టింది, కార్డు గూడ ముట్టింది. పానం మంచిగనే ఉన్నది. జవాబు నాలుగుసార్లు మొదలువెట్టి చింపేసిన.

బిడ్డ ఏడ్చిందని సదివినప్పుడు నేను బాయి కాడ వేప చెట్టు కింద కూసున్న. జాబు మడతవెట్టి అంగీ జేబుల పెట్టుకున్న. అక్కడితోని ఆపేద్దామనుకున్న. అందరు బతికిన్రు, ఇంకేం గావాలె అనుకున్న. కని పోశవ్వ అత్త అన్న మాట రాసినవ్. ఆ మాట నీకు కొత్త కాదని గూడ రాసినవ్. నువ్వు చిన్నగున్నప్పుడు మన కంపెనీ ఇండ్ల లైన్ల ఆడోళ్లు అన్నరు. నీ పెండ్లి మాటలప్పుడు అన్నరు. ప్రతిసారి నేను పక్కనే ఉన్న, నోరు తెరవలె. ఇప్పుడు తెరుస్తున్న.

అవ్వను నువ్వు మింగలె. నేను పెట్టిన కుంపటి మింగింది.

నాకు అప్పుడు పన్నెండేండ్లు. మనం కంపెనీ పాత లైన్ల ఉండేది, ఇటుక గోడల ఒంటి అర్ర, ఒక్కటే తలుపు. నువ్వు పుట్టి మూడు దినాలు. శివరాత్రి ముందటి చలి. నాయిన డ్యూటీకి పోతూ "అవ్వకు చలి పెట్టనియ్యకు కొడుకా" అని పోయిండు. మంచి కొడుకునని అనిపించుకోవాలనుకున్న. బొగ్గులు బయట రాజవెట్టిన, పొగ పోయినంకనే కుంపటి నిండ పోసి మంచం కింద నూకిన. తలుపు సందుల గోనె పట్ట కుక్కిన. అంత నువ్వు చేసినట్టే చేసిన. నీ జాబు సదువుతుంటె నా చేతులనే సూస్తున్నట్టు అనిపించింది.

జెరసేపటికి నువ్వు ఏడుపు మొదలువెట్టినవ్. ఎంత ఊపినా ఊకోలె. అవ్వ, "నా తల పగులుతంది బిడ్డా, పోరిని పూలమ్మ తాన కొంచెంసేపు ఉంచు" అన్నది. నిన్ను బొంతల సుట్టి పక్కింటి పూలమ్మ తానికి ఎత్తుకపోయిన. పోయేటప్పుడు తలుపు మంచిగ దగ్గరికేసి, పట్ట మళ్ల కుక్కి పోయిన. చలి పెట్టొద్దని. నిన్ను పూలమ్మకిచ్చి అక్కడనే నీ పక్కపొంటి నిద్రపోయిన. నాయిన డ్యూటీ దిగి వచ్చి తలుపు నూకేసరికి అవ్వ నిద్రపోతున్నట్టే ఉన్నది, చెంపలు ఎర్రగ. సన్నిపాతం అన్నరు. నేను గూడ గదే అనుకున్న.

అరువై రెండుల సర్దారు క్లాసుల సారు ఈ గాలి సంగతి చెప్తున్నడు. వాసన లేదు, పొగ లేదు, దీంతోని పోయినోళ్ల చెంపలు ఎర్రగ ఉంటయి అన్నడు. నేను క్లాసు నడుమనే లేసి బయటికొచ్చిన. ఆ తర్వాత మీ వదినె రెండు కాన్పులకూ అర్రల నిప్పు పెట్టనియ్యలె. "బొగ్గుకు గూడ పిసినారి" అని మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతది. ఎందుకో ఎవరికీ చెప్పలె.

నీకు చెప్పాల్సి ఉండె. తొమ్మిదేండ్ల సంది తెలుసు. నిన్ను తల్లిని మింగినదని అంటుంటె ఊకుంటె, నన్ను తల్లిని సంపినోడని ఎవరూ అనరు గదా. గందుకే ఊకున్న. నీ మీద బరువు పెట్టి నేను దాసుకున్న. ఇది రాయడానికే ఇరవై ఐదు దినాలు పట్టింది.

ఒక్కటి మాత్రం తెలుసుకో. ఆ దినం నువ్వు ఏడ్చినవ్ గనుకనే అవ్వ నిన్ను బయటికి పంపింది. అందుకె నువ్వు ఉన్నవ్. ఎవర్నీ మింగలె నువ్వు. ఈ జాబు పోశవ్వ అత్తకు సదివి ఇనిపియ్యి. నన్నేమన్న అననీ, పడుత.

కొమురెల్లి


గోదావరిఖని
15 ఫిబ్రవరి 1971

అన్నా, మా అన్నా,

నీ జాబు మూడుసార్లు సదివిన. మొదటిసారి సదివినప్పుడు నాకేమనిపించిందో చెప్తె తప్పనుకోకు. ఖుషీ అనిపించింది. ఇరవై ఒక్క ఏండ్ల సంది ఎవరింట్లకు పోయినా, ఏ పేరంటానికి పోయినా, ఎనుక నుంచి ఆ మాట వస్తదేమో అని చెవులు అటే ఉండేటియి. అది నాది కాదట! లేసి అర్రల అటిటు తిరిగిన, బిడ్డను ముద్దు పెట్టుకున్న. తర్వాత అవ్వ గుర్తొచ్చి ఏడ్చిన. మూడోసారి సదివినప్పుడు నువ్వు కనవడ్డవ్, బొంతల నన్ను సుట్టుకొని, చలికి పక్కింటికి ఉరుకుతున్న పోరనివి. కోపం తెచ్చుకుందామని సూసిన. నువ్వు నోరు మూసుకున్నందుకు జెర వచ్చింది గూడ. అది నువ్వొచ్చినప్పుడు ఎదురుంగనే తిడుత, జాబుల తిడితె సాలది.

నువ్వు చెప్పినట్టే అత్తకు సదివి ఇనిపించిన. వాము చెరుగుతంది, చేట కింద పెట్టింది. సదువుడు అయిపోంగనే లేసి బయటికి పోయింది. ఏమంటదో అని నేను అన్నం గూడ సరిగ్గ తినలె ఆ దినం. తెల్లారి నన్ను పిలిచి ముందట కూసోవెట్టుకొని తలకు నూనె పెట్టింది. పెండ్లయిన మూడేండ్లల్ల ఎన్నడు పెట్టలె. చిక్కు తీసుకుంటనే అన్నది:

"నేనన్న మాట పాడు మాటనే పిల్లా. నోరు ఊకోక అన్న. ఇగ అన, ఎవలన్నా అంటె వాళ్ల నోట్ల మన్ను కొడుత."

జడ ఏసుకుంట మళ్ల అన్నది:

"మీ అన్నకు రాయి. నలుగురిని కన్నదాన్ని, వాడల పదిమందికి పురుళ్లు పోసినదాన్ని, నాకే తెల్వలె. తెలిసినోడు చెప్పినా ఇనలె. పన్నెండేండ్ల పోరనికేం తెలుస్తది? ఆ దినం మీ అవ్వ కాడ నేనుంటె ఆ కుంపటి నేనే పెడుదు. గోనె పట్ట గూడ నేనే కుక్కుదు. చెయ్యి వానిది గని తెలివి మా పెద్దోళ్లది. ఇగ మొయ్యొద్దని రాయి."

గీ మాటలన్ని మా అత్త చెప్పినట్టే రాసిన, నేను ఒక్కటి కలుపలె. నిన్నటి సంది ఆమె వాడ మీద పడ్డది. బాలింత ఉన్న ఇంటికల్ల పోయి, మంచం కిందికి ఒంగి సూసుడు, కుంపటి కనవడితె తిట్టుడు. సుగ్రా బీ తోడు. నిన్న ఒకామె "నీ కోడలుకు నువ్వే పెడితివి గదనే ముసలిదానా" అని నవ్విందట. "పెట్టిన గనుకనే చెప్తున్న, తియ్యి" అన్నదట అత్త.

నిన్ను ఏమన్న అనుమన్నవ్ గదా, అంటున్న, ఇను. నీకు ఆ దినం ఎవ్వరు చెప్పలె అన్నా. నాకు నువ్వు చెప్పినవ్. అందుకె నా బిడ్డకు అవ్వ ఉన్నది.

నీ చెల్లె,
సారక్క